ఆర్మేనియాలో నీ క్లాసు

స్వరూపా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. ఆర్మేనియా పల్లెలో నువ్వు వాలంటీరుగా మొదలుపెట్టిన కంప్యూటర్ క్లాసు మూతపడి ఉంటుందేమోనని ఇన్నాళ్లూ అడగలేదు. పొద్దున అనీ అనే నీ శిష్యురాలు అక్కణ్ణుంచి వీడియో కాల్ చేసింది. అప్పుడు నేను అమీర్‌పేటలో మన పాత హాస్టల్లోనే, వంట చేసే అనసూయక్క దగ్గరున్నాను.

అతిథి పని చేయకూడదని ఆ ఊరివాళ్లు పట్టుబడితే, రొట్టెలు ఒత్తనిచ్చేదాకా నువ్వు ముద్ద ముట్టలేదట. అనీ ఇంగ్లిషులో చెప్పింది తెలుగు చేసి వినిపిస్తే అనసూయక్క నవ్వింది. "ఈడ సుత గంతే! నా వంటింట్లకొచ్చి నన్నే బయటకి పంపుతుండె."

"క్లాసు ఎవరు చెబుతున్నారు?" చివరికి అడిగాను.

అనీ ఫోన్ తిప్పింది. పదకొండు మంది పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు.

"నేనే. ఉంటానండీ, క్లాసుకి టైమైంది" అని ఫోన్ పెట్టేసింది.