నా పగడాల తొట్టికి మేత వేసే హక్కు

కళ్ళద్దాల దుకాణం యజమానురాలిని, భర్త పోయినదాన్ని, వీధిలో అందరూ చేపలమ్మ అని పిలిచేదాన్ని అయిన నేను దగ్గర కూర్చుని రాయించి, చదివించుకుని విని, సమ్మతించి ఇస్తున్న వీలునామా ఇది. నా గుండె బలహీనపడింది గానీ బుద్ధి కాదు. ఈ పత్రం ఎవరి బలవంతం మీదా రాయించడం లేదు. నన్ను బలవంతపెట్టగల మనిషి ఇంకా పుట్టలేదని నా కొడుకే పదిమందిలో చెబుతుంటాడు. కావాలంటే దాన్నే సాక్ష్యంగా తీసుకోండి. ఇంతకు ముందు రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు.

ఒకటి. దుకాణం నా స్వార్జితం. అది నా ఏకైక కుమారునికి సర్వహక్కులతో చెందుతుంది, ఒక్క షరతు మీద. ముందు గదిలోని సముద్రపు నీటి తొట్టిని గానీ, అందులోని పగడాలను, చేపలను గానీ అమ్మకూడదు, కదల్చకూడదు, దాని కరెంటు తీసేయకూడదు. "నువ్వు పోయాక దీన్ని ఎవరు చూస్తారమ్మా? ఇప్పుడే అమ్మేస్తే అక్కడ రెండు అలమరాలు పడతాయి" అని వాడు నా మంచం పక్కన నిలబడే అన్నాడు. అలమరాలు గోడకు కొట్టించుకో నాయనా.

రెండు. మేత వేసే హక్కు మాత్రం నా కుమారునికి లేదు. కారణం రాయాల్సిందే. నేను ఆసుపత్రిలో ఉండగా అద్దం మీద కాస్త పచ్చటి పాచి కనబడిందని వాడు మేత ఆపేశాడు. నీళ్ళలోని నైట్రేటు, ఫాస్ఫేటు రెండింటినీ సున్నాకు దించే సరుకు వడపోత డబ్బాలో దట్టించాడు. నేను తిరిగొచ్చిన రోజు "చూడమ్మా, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో!" అని మురిసిపోయాడు. తేటగానే ఉన్నాయి. ఊదారంగు పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. చేపల పొట్టలు లోపలికి పోయాయి. చేపలు తిని వదిలింది నీళ్ళలో కరిగి ఆ నైట్రేటు, ఫాస్ఫేటు అయితేనే పగడాలకు తిండి. అది ఎక్కువైతే పాచి కమ్మేస్తుంది, అసలు లేకపోతే పగడం ఆకలితో చస్తుంది. ఇదంతా వాడికి ఎన్నిసార్లు చెప్పానో! ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. ఇప్పుడు రిజిస్టరు పత్రం మీద చెబుతున్నాను, వినక చస్తాడా?

మూడు. వాడికి ఆ సలహా ఇచ్చిన చేపల సామాను వర్తకుడు, మేము సున్నా మాస్టారు అని పిలుచుకునే పెద్దమనిషి, "సున్నా వస్తే ఇక తిరుగులేదండీ" అంటూ అమ్మిన డబ్బాల్లో మూత తీయనివి ఇంకా ఉన్నాయి. వాటిని ఆయనకే రాసిస్తున్నాను. ఆయన వాటితో ఏం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నాలుగు. ఇల్లు, నా గాజులు, నా పసుపు ఫ్రేము కళ్ళద్దాలు కోడలికి. ఆ ఫ్రేము నాకంటే ఆమె ముఖానికే బాగుంటుంది. వాడు మేత ఆపిన రోజుల్లో వాడి కంట పడకుండా చిటికెడు చిటికెడు వేసి చేపల ప్రాణం నిలబెట్టింది ఆమే. అడిగితే "చూస్తూ ఊరుకోలేకపోయాను అత్తయ్యా" అంది. తొట్టి కూడా ఆమెకే ఇద్దామనుకున్నాను. కానీ మొగుడి చాటున ఒకరికి తిండి పెట్టాల్సిన ఖర్మ ఆమెకు మళ్ళీ పట్టకూడదు. నా కుమారుడు ఆ ఇంట్లో అద్దె లేకుండా ఉండవచ్చు, మర్యాదగా ఉంటే.

ఐదు. తొట్టి, దాని పంపులు, దీపాలు, నీళ్ళు పరీక్షించే సీసాలు, మేత వేసే సంపూర్ణ హక్కు నా ఆడపడుచుకు. అందరూ నోరు తెరుస్తారని తెలుసు. ఒకసారి తొట్టి ఆమెకు అప్పగించి ఊరెళ్ళాను. "పాపం, నోళ్ళు తెరుస్తున్నాయి వదినా, ఆకలేమో" అంటూ వచ్చినప్పుడల్లా గుప్పెడు మేత వేసింది. చేపలు ఊపిరి పీల్చేదే అలాగ! నేను వచ్చేసరికి తొట్టంతా పచ్చటి బొచ్చు. దుకాణం నిండా జనం ఉండగా ఆమెను కడిగేశాను. అప్పటి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. ఆనాడు అన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవడం లేదు.

అయితే ఆసుపత్రిలో అందరూ నాకు పత్యం పేరుతో చప్పిడి మెతుకులు కొలిచి పెడుతుంటే, వచ్చి క్యారేజీ పెట్టి పోయింది ఆమే. తిట్టిన నోటికే అన్నం తెచ్చింది. పెట్టే చేతికి తగ్గించమని చెప్పుకోవచ్చు. పెట్టని చేతికి నేను ఏం నేర్పను? ఆమె మీద కోపం తగ్గలేదు. బెంగ మాత్రం ఎక్కువైంది.

ఆరు. వీటిని అమలుపరచే బాధ్యత మా దుకాణంలో అద్దాలు అరగదీసే పెద్దాయనది. నా కొడుకు గొంతు పెంచితే ఈయన తన మిషను ఆన్ చేసుకోవచ్చు.

ఏడు. ఐదవ అంశం నేను పోయేదాకా ఆగదు. రేపు ఉదయం నుంచే అమలు. తొట్టి ముందు రెండు కుర్చీలు వేయించాను. మేత ఆమె వేస్తుంది, నేను చూస్తాను. ఎక్కువ వేస్తే అందరి ముందూ తిడతాను. ఆమె కూడా తిరిగి తిట్టవచ్చు. ఆ హక్కును కూడా ఇందుమూలంగా ఆమెకు రాసిస్తున్నాను. రాకపోతే తొట్టిని ఆటోలో వేసుకుని నేనే ఆమె ఇంటికి వెళతాను.

తేదీ: నవంబరు నాలుగు, బుధవారం.

(సంతకం) చేపలమ్మ

సాక్షులు:
1. పక్క కొట్టు దర్జీ. నా ఎదుటే సంతకం చేశారు.
2. గుండె డాక్టరు. ఆటో విషయంలో నేను అనుమతి ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు.