దిబ్బలో గండి, నివేదికలో లేని నా తప్పు

తీర సంరక్షణ అధికారి గారి సముఖమునకు, ఇసుక దిబ్బల కాపలాదారు సవినయముగా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దిబ్బలో పడిన గండిని పూడ్పించుట, విచారణ నివేదికలో నా తప్పును చేర్చుట గురించి.

1. నేను పద్దెనిమిదేళ్ళుగా తమ శాఖలో దిబ్బల కాపలా చేయుచున్నాను. నా చెల్లెలు అక్కడే నర్సరీలో పనిచేసేది. ఇసుకను పట్టి ఉంచే తీగను ఆమె ట్రేలలో పెంచి ఇచ్చేది, నేను దిబ్బ మీద నాటేవాణ్ణి. తీగ అల్లుకున్న చోట గాలికి వచ్చిన ఇసుక ఆగి, దిబ్బ ఏటా జానెడు పెరిగేది. సముద్రానికీ నర్సరీకీ మధ్య అడ్డు ఆ దిబ్బ ఒక్కటే.

2. గత వేసవిలో దిబ్బల పరిరక్షణ దినోత్సవము దిబ్బకు అవతల, ఒడ్డున జరుపుటకు నిర్ణయమైనది. వేదిక సామాను తెచ్చిన లారీ డ్రైవరు చుట్టూ తిరిగి పోలేనన్నాడు. "ఒక్కసారికేగా" అన్నాడు. కంచె తాళం నా దగ్గరే ఉన్నది. తీశాను. ఒక్కసారి కాస్తా తొమ్మిది రోజులైనది. దిబ్బ మీదుగా పోయిన లారీల చక్రాల కింద తీగ తెగినది. తెగిన చోట గాలి ఇసుకను ఎత్తుకుపోగా, లారీ పట్టేంత గండి పడినది. సదరు దినోత్సవమున నాకు ప్రశంసాపత్రము ఇచ్చియున్నారు.

3. నా చెల్లెలు మూడుసార్లు చెప్పింది. "అన్నయ్యా, ఇప్పుడైతే రెండు వరసలు తడికలు కట్టి తీగ నాటితే సరిపోతుంది. వానలు మొదలైతే మన చేతిలో ఉండదు" అంది. పైకి రాస్తే తాళం ఎవరు తీశారని అడుగుతారు. ఆ భయంతో రాయలేదు. "వాళ్ళ లారీలే కదా, వాళ్ళే పూడుస్తార్లే" అన్నాను. మూడోసారి ఆమె ఆ మాట విని, ట్రేలు మోసుకుంటూ వెళ్ళిపోయింది.

4. వానలు మొదలయ్యాక వచ్చిన తుఫాను నాటి మధ్యాహ్నము సముద్రపు నీరు ఆ గండిలోంచే లోనికి వచ్చినది. మిగతా దిబ్బ పొడవునా చుక్క రాలేదు. అందరినీ మెరక మీదికి పంపితిని. ఆమె కూడా వెళ్ళిందనుకున్నాను. ఆమె నర్సరీ షెడ్డులో ఉండిపోయి, కింది ట్రేలు పై అరలకు ఎక్కిస్తోంది. గోడ కూలింది. నీరు తీశాక నేనే ఆమెను బయటికి తెచ్చాను. పై అరల్లో మూడు వందల నలభై మొక్కలు పచ్చగా ఉన్నాయి.

5. ఆమె మరణముపై విచారణ నివేదికలో "ప్రకృతి వైపరీత్యము, సిబ్బంది లోపము లేదు" అని యున్నది. లోపము ఉన్నదయ్యా. నేను తాళం తీశాను, తెలిసీ చెప్పలేదు. ఆ రెండు ముక్కలూ చేర్చవలెను.

6. మిగిలిన మొక్కలను "దెబ్బతిన్న సామాను" కింద పారవేయవలెనని ఉత్తర్వు వచ్చినది. అవి దెబ్బతినలేదు. రోజూ నేనే నీళ్ళు పోస్తున్నాను.

కావున మరో తుఫాను రాకముందే గండికి తడికలు కట్టించి, ఆ మొక్కలనే అక్కడ నాటుటకు అనుమతించవలెను. నాటిన మరునాడు నన్ను ఉద్యోగములోంచి తీసివేసినా సమ్మతమే. ఇంతకు మించి వ్రాయు శక్తి లేదు. వ్రాసినంత మట్టుకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దిబ్బల కాపలాదారు

తా.క.: మా బావ, అంటే చెల్లెలి భర్త, బళ్ళో పంతులు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, తప్పులు దిద్దమని ఈ అర్జీ ఆయన చేతిలో పెట్టాను. రెండో అంశం రెండుసార్లు చదివాడు.

"తాళం నువ్వు తీశావని నాకు తెలీదు బావా" అన్నాడు.

మూడోది చదివి పెన్ను కింద పెట్టేశాడు.

"నీకు మూడుసార్లు చెప్పిందా?"

అవునన్నాను.

"నాకు ఒక్కసారే చెప్పింది. మీ అన్నయ్య చూసుకుంటాడులే అన్నాను."

తర్వాత ఆయనే లేచి తెల్లకాగితాలు తెచ్చి, కొట్టివేతలు లేకుండా మళ్ళీ రాయమన్నాడు. తమకు పంపుతున్నది ఆ ప్రతే.