అత్తమ్మ కాళ్లకు కట్టిన కట్టు

మక్తల్, 1988, మంగళవారం రాత్రి

అత్తమ్మ మిద్దె మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. నర్సు శిక్షణలో నాకు నేర్పింది ఇంట్లోనే పనికొచ్చింది. ఆసరాగా కట్టడానికి చెక్కబద్ద దొరక్కపోతే విరిగిన కాలిని మంచి కాలికే కట్టేయాలి. మధ్యలో దిండు పెట్టి, తెల్లగుడ్డతో పాదాల దాకా కలిపి కట్టాను. కదలొద్దని చెప్పి, దుప్పటి కప్పి, జీపు కోసం పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఇంట్లో శోకాలు! మేకల గొడవతో మాటలు మానేసిన పక్కింటి బాలమ్మ, శవానికి కట్టినట్టు పాదాలు కట్టి ఉండటం చూసి గుండెలు బాదుకుంటోంది.

"బంగారమసొంటి మనిషివి! ఇగ నేనెవ్వలతోని కొట్లాడాలె అక్కా!"

అత్తమ్మ కళ్లు మూసుకుని హాయిగా వింటోంది. నేను కదలొద్దన్నానే గాని, పలకొద్దనలేదు కదా!

"ఆమె బతికే ఉన్నది" అన్నాను.

బాలమ్మ ఠక్కున ఏడుపాపింది. "గట్లనా? అయితే మేకల ముచ్చట ఇంకా తెగలే" అంటూ కొంగు దులుపుకుని పోయింది.

దవాఖానలో డాక్టరు కట్టును మెచ్చుకున్నాడు. అత్తమ్మ మాత్రం తిరిగొచ్చే దారి పొడుగునా మూతి ముడుచుకునే ఉంది.

"బాలమ్మ గంతగనం ఏడ్సింది. నువ్వెందుకు ఏడ్వలే?"

"మీరు బతికున్నరని నాకెరుకే కద అత్తమ్మా!"

"ఎరుకైతేంది? జర ఏడిస్తే ఏంబోయె?"