హాజరు పుస్తకంలో నాన్న సంతకం

సెప్టెంబరు 3
సెమినార్ నా నెత్తిన పడింది. పాతకాలపు రాజనీతి గ్రంథం, అందులో ఒప్పుకోలు గురించిన అధ్యాయం. జనం ఒప్పుకుంటేనే ఏలేవాడికి అధికారమట. బాగానే ఉంది. పేజీ తిప్పితే — నోరెత్తకుండా ఆ నేల మీద బతికేవాడు కూడా ఒప్పుకున్నట్టేనట! మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్లు మండింది.
"మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ పట్టుకురా" అన్నారు మేడమ్.

సెప్టెంబరు 7
ఎచ్చెర్ల హాస్టల్ నుంచి ఇంటికి. ఊళ్లో గ్రామసభ. జీడితోటలు ఫ్యాక్టరీకి ఇస్తారా అని అడగడానికి ఆఫీసర్లు వచ్చారు. చేతిరాత బాగుంటుందని హాజరు పుస్తకం నాకిచ్చారు. పేర్లన్నీ నేనే రాశాను. పక్కన సంతకాలు, వేలిముద్రలు.
మావాళ్లు ఆఫీసరు ముఖం మీద కాదనరు. తల దించుకుని ఊరుకున్నారంటే కాదన్నట్టే. ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఈరోజు అందరూ తల దించుకున్నారు.
నాన్న పెన్ను పట్టుకుని ఆగాడు. "పైనేటి రాసున్నాదమ్మా?"
"ఏమీ లేదు నాన్నా. వచ్చినట్టు హాజరు, అంతే."
పెట్టేశాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నేర్పిన సంతకం.

సెప్టెంబరు 8
బస్సులో గుర్తొచ్చింది. పేజీ పై సగం ఖాళీగా వదిలి పేర్లు రాయమన్నారు ఆఫీసర్లు. అప్పుడే వింతగా అనిపించింది... అడగలేదు.

సెప్టెంబరు 16
నాన్న ఫోన్. ఊరి సచివాలయం గోడకు కాగితం అంటించారట. తోటలివ్వడానికి సభ ఏకగ్రీవంగా ఒప్పుకుందని పైన. కింద అందరి సంతకాలు.
"పేర్లు నీ రాతేనమ్మా. గుర్తుపట్టినాను."
తిట్టలేదు. తిడితే బాగుండును.

సెప్టెంబరు 19
నాన్న రాజాం వెళ్లి లాయరును కలిశాడట. సంతకాలప్పుడు పైన ఖాళీగా ఉందని నేను రాసిస్తే పనికొస్తుందని ఆయన అన్నాడట. రాసిస్తాను. చూసి కూడా ఎందుకూరుకున్నావని లాయరు అడిగితే? నాన్న పక్కనే ఉంటాడు.

సెప్టెంబరు 23
సెమినార్ అయింది. ఊరి పేరు చెప్పకుండా అంతా చెప్పాను. మా దగ్గర మౌనమంటే ఒప్పుకోలు కాదన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు — "మరి సంతకాలెందుకెట్టినారు?" క్లాసంతా నవ్వు.
ఎవరో చదువుకున్నావిడ హాజరని చెప్పిందట, అన్నాను.
ఎవరో! సిగ్గు లేదు నాకు.

సెప్టెంబరు 26
నాన్న ఫోన్. "సర్వేవోలు వచ్చినారు. తోటలో రాళ్లు పాతతన్నారు."
"నువ్వేమన్నావు?"
"ఏటనగలను? నిలబడి సూసినాను. రేపొచ్చి ఆ కాగితం రాసిచ్చీమ్మా."
వస్తానన్నాను. పెట్టేసే ముందు అడిగాడు — "ఆ పొద్దు పైన అంత ఖాళీ వొదిలినారు గదా, నీకేటీ అనుమానం రాలేదా?"
నేను పలకలేదు.
మా ఊరి లెక్కన అది రాలేదన్నట్టే.
"పోన్లేమ్మా... నీకేటి తెలుస్తాది" అన్నాడు.