అటు తిరిగిన పిట్ట

కార్నింగ్,
ఫిబ్రవరి 1911

ప్రియమైన మా ఆయనకు,

ఓటీలియా రాసేది. ఇక్కడ నేనూ, మన పాప అనెష్కా కులాసా. మీరూ కులాసాయేనని డాక్టరుగారు చెబితే తప్ప నమ్మను.

బొగ్గు సరిపోతోందా అని అడిగారు, సరిపోతోంది. అనెష్కాకు ముందు పళ్ళు ఊడాయి. నల్ల గసగసాల రొట్టె తిన్నప్పుడల్లా నవ్వంతా నల్లమచ్చలే. మీరు మాత్రం చలికి వంకలు పెట్టకుండా, చల్లగాలే మందని డాక్టరుగారు చెప్పినట్టు ఆసుపత్రి వరండాలో పడుకుని, ఇచ్చిన పాలు తాగండి.

ఇక అసలు సంగతి. పెళ్ళివారి కోసం చెక్కుతున్న పొడుగు కాడ గ్లాసుల్లో ఆఖరిది మిగిలిపోయిందనీ, అది చెక్కకపోతే కంపెనీ మన ఇంటికి పని పంపడం మానేస్తుందనీ, డాక్టరు వద్దన్నా ఈస్టరుకి వచ్చేస్తాననీ రాశారు. చదివి ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఈ దగ్గుతో గ్లాసు చెక్కే చక్రం ముందు కూర్చుంటే మళ్ళీ లేవరు.

మీరు రానక్కరలేదు. ఆ గ్లాసు నేనే చెక్కేశాను. తిడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీకు ఎదురుగా కూర్చుని రాగి చక్రానికి నూనె, గాజును అరగదీసే ఎమరీ పొడి పూస్తూ వచ్చినదాన్ని. ద్రాక్షతీగ మీద మీ పిట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియదా? మీ కుర్చీలో కూర్చున్నాను.

ఫోర్‌మన్ డెంప్సీ వచ్చి గ్లాసులన్నీ వరసగా పేర్చాడు.

“ఏమ్మా, పిట్టలన్నీ ఇటు చూస్తుంటే ఇదొక్కటే అటు తిరిగిందేం? అలిగిందా?”

అప్పుడు తెలిసింది. ఎప్పుడూ మీ ఎదుటి నుంచి, గ్లాసులోంచి, తిరగబడి కనిపించిన పిట్టనే చెక్కాను.

“ఇది మీ ఆయన చెయ్యి కాదు కదూ?”

“నాదేనండీ.”

అతను దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

“ఈకలు బాగా పడ్డాయమ్మా. ఇంకో ఉత్త గ్లాసు పంపిస్తాలే. ఈసారి ఆయన వైపు నుంచి చూసి చెక్కు.”

చెక్కాను. సెట్టు వెళ్ళిపోయింది. నిన్న కంపెనీ బండి మళ్ళీ గ్లాసులు దింపింది. కాబట్టి ఈస్టరు మాట మరిచిపోయి, పూర్తిగా నయమయ్యాకే రండి. నాకు గ్లాసులు కాదు, మీరు కావాలి.

ఆ అటు తిరిగిన పిట్ట గ్లాసును డెంప్సీ నాకే వదిలేశాడు. వంటింటి కిటికీలో పెట్టాను. దాని ముందు తీగ మీద కొంచెం చోటు మిగిలి ఉంది. మీరొచ్చి అక్కడ మీ పిట్టను చెక్కాలి. ఎప్పటిలాగే ఇటు చూసేలా చెక్కండి, చాలు. రెండూ ఎదురెదురుగా ఉంటాయి, మనం కూర్చున్నట్టు.

ఇట్లు,
మీ ఎదుటి కుర్చీలో మనిషి,
మీ భార్య ఓటీలియా