చూపని మార్కులు

2009 మార్చి 7, శనివారం
పొద్దున పదింటికి వంటింటి బల్ల దగ్గర ఇద్దరికీ నేను వారంవారం పెట్టే లెక్కల పరీక్ష. పక్కింటి కేలాకి ఇరవైకి పందొమ్మిది. మా సాహితికి పదహారు. నోటుబుక్కులో పక్కపక్క కాలమ్‌లలో వేశాను. పదకొండు వారాల్లో తొమ్మిదిసార్లు కేలాకే ఎక్కువ.

మార్చి 9
వచ్చే ఏడు ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌కి, అంటే లెక్కల్లో ముందున్నవాళ్ళ క్లాసుకి, లిస్టు వచ్చింది. సాహితి ఉంది. కేలా లేదు. కేలానే కాదు, నల్లపిల్లలు ఒక్కరూ లేరు — ఈ అమెరికా బడిలో సగం వాళ్ళే. టీచర్ రికమెండ్ చేస్తేనే సీటు. "మీ ఇండియన్స్‌కి లెక్కలు పుట్టుకతోనే వస్తాయి కదా" అంది నాతో, నవ్వుతూ. భిన్నాల దగ్గర మా పిల్ల ఏడుపు ఆవిడకేం తెలుసు.

మార్చి 10
కేలా వాళ్ళమ్మ డెనీస్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. యూనిఫాం కూడా మార్చలేదు. "గురువారం ప్రిన్సిపాల్‌తో మీటింగ్. నా ఒక్కదాని మాట వినరు. నీ నోటుబుక్ పట్టుకుని రా." వస్తానన్నాను.

మార్చి 11
ఈయనకి చెప్పాను.
"రెండు కాలమ్‌లూ చూపిస్తావా? మనదాన్ని తీసేసి ఆ సీటు ఆ పిల్లకిస్తేనో?"
"అలా చేయరండీ."
"చేస్తే?"
తెల్లకాగితం మీద ఫెయిర్ కాపీ రాశాను. ఒక్క కాలమే. కేలాది. గీతలు స్కేలు పెట్టి కొట్టాను.

మార్చి 12, గురువారం
ప్రిన్సిపాల్ కాగితం చూశాడు. "మంచి మార్కులే. కానీ ఇంట్లో పెట్టిన పరీక్షలు... ఇవే పేపర్లు ఇంకెవరైనా రాశారా?"
నేను చెప్తానని డెనీస్ ఆగింది. నోటుబుక్ నా సంచిలోనే ఉంది.
"మా అమ్మాయి అప్పుడప్పుడూ కూర్చుంటుంది" అన్నాను.
"వచ్చే ఏడాది చూద్దాం" అని లేచాడు.
కారులో డెనీస్ అన్నది ఒకటే — "ఆ కాగితంలో నీ కూతురి మార్కులు కూడా ఉంటాయనుకున్నాను." తర్వాత ఇంటిదాకా రేడియో.
మొన్నటిదాకా నా కోపం ఆ టీచర్ మీద.

మార్చి 13
డెనీస్‌కి ఫోన్ చేయలేదు. చేసి ఏం చెప్పాలి.

మార్చి 14, శనివారం
రాదనుకున్నాను. సరిగ్గా పదింటికి కేలా తలుపు కొట్టింది. పెన్సిలు తనే చెక్కుకుంది. ఇరవైకి ఇరవై. సాహితికి పదిహేడు.
మార్కులు వేయడానికి నోటుబుక్ తెరిచాను. కేలా పక్కన నిలబడి, రెండు కాలమ్‌లూ పైనుంచి కిందిదాకా వేలుతో చదువుకుంటూ వచ్చింది.
"ఆంటీ, వాళ్ళకి ఈ పేజీయే చూపించారా?"
సాహితి తల ఎత్తి నా మొహం చూసింది...
ఇప్పుడు సాయంత్రం నాలుగు. ఇవాల్టి మార్కులు ఇంకా వేయలేదు.