టోకెన్ నా దగ్గర లేదు

జూన్ 4, ఆదివారం

ఆ మందుల షాపువాడితో ఇక మాట్లాడను. కాగితం మీద పెడితే మాట మీద నిలబడతానని రాస్తున్నాను.

అందరూ వాణ్ణి డాక్టర్ అంటారు. వాడు డాక్టరూ కాదు, రైల్వేవాడూ కాదు. నలభై ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడి దగ్గు మందు అమ్మాడు. షాపు కొడుక్కి అప్పగించి, మెడలో విజిల్ వేసుకుని, మా క్లబ్బులో పడమర స్టేషన్‌కి మాస్టరయ్యాడు. ఎదురుగా మీరు అంటాను. ఇక్కడ వాడే.

క్లబ్బంటే పెద్దాయన గ్యారేజీ. ఎనభై ఒకటి దాటిన మనిషి, రిటైరైన జాగ్రఫీ టీచరు. కారు ఉండాల్సిన చోట పద్దెనిమిది అడుగుల బల్ల వేసి దాని మీద బుల్లి రైల్వే కట్టాడు. ఇటు చివర తూర్పు స్టేషన్, నాది. అటు చివర పడమర. మధ్యలో కొండ, సొరంగం, ఒకే లైను. కొండ మీద అడ్డంగా తెర. నిజం స్టేషన్ మాస్టర్లు ఒకరికొకరు కనబడరు కాబట్టి మేమూ కనబడకూడదని పెద్దాయన పట్టు. మాటలుండవు, గంటలే. మూడు కొడితే బండి పంపనా అని. తిరిగి మూడు కొడితే పంపమని. రెండు కొడితే చేరిందని. కోడ్ అంతే. వాడు మాత్రం కాఫీ మీదకి మనసు పోతే నాలుగు కొడతాడు. కోడ్‌లో నాలుగు లేదు. పదకొండేళ్ళలో ఒక్క నాలుగుకీ నేను జవాబివ్వలేదు.

ఇవాళ వాడి ఏడో నంబర్ బండి నాలుగు నిమిషాలు లేటు. తెర పక్కకి లాగి, పంపనా అని మూడేసి గంటలు నాలుగుసార్లు కొట్టానని అందరి ముందూ అన్నాడు. ఒక్కసారి కూడా కొట్టలేదని నేనన్నాను. గంట తీసేసి నా వైపు ఒక లైటు పెడితే మంచిదేమోనని వాడు మెల్లగా అన్నాడు. ఆ మెల్లగా అన్నందుకే ఒళ్ళు మండింది. దర్జీ ఊరుకోవచ్చుగా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని సామెత విసిరి, విసిరాక నాలిక కరుచుకున్నాడు. దర్జీ మా టోకెన్ మోసే మనిషి. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ముప్ఫై నాలుగేళ్ళు అసలైన స్టేషన్లలో అసలైన బండ్లు నడిపినవాణ్ణి. ఆ గ్యారేజీలో అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. లేచి వచ్చేశాను.

జూన్ 4, సాయంత్రం 6.20

ప్యాంటు జేబులో టోకెన్ ఉంది.

జూన్ 5

తెలియనివాళ్ళు ఇందులో ఏముందంటారు. అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ళ, దానికో తోలు రింగు. ఒకే లైను కాబట్టి ఒకే టోకెన్. అది లేకుండా ఏ బండీ లైనులోకి వెళ్ళకూడదు. బొమ్మ బండి దాన్ని మోయలేదు కనక దర్జీ మోస్తాడు, బండి పక్కనే, బండి స్పీడుతోనే, ఆ చివర నుంచి ఈ చివరకి. ఊళ్ళో వాకింగ్ చేసేవాళ్ళందరికంటే తనే ఎక్కువ నడిచానని వాడి గొప్ప.

నిన్న ఏడో నంబర్ బండితో వచ్చిన టోకెన్ నా చేతిలో ఉండగా గొడవైంది. చెయ్యి దానంతటదే జేబులో పెట్టుకుంది. కావాలని తీసుకురాలేదు. ఇది నిజం. వెంటనే ఫోన్ చేసి చెప్పలేదు. ఇదీ నిజం.

చెప్పకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది. ఆ సరదా కాఫీ కంటే బాగుంది.

జూన్ 7

పెద్దాయన ఫోన్ చేశాడు. మా ఆవిడ ఎత్తి నా కుడి చెవి దగ్గర పెట్టింది. టోకెన్ కనబడటం లేదట, నా దగ్గరకేమైనా వచ్చిందా అని అడిగాడు. చూస్తానన్నాను. చూస్తానంటే అబద్ధం కాదు. రోజుకి నాలుగుసార్లు చూస్తూనే ఉన్నాను, బీరువాలో పాత ప్యాంటు జేబులో.

ఇరవై ఐదున ఫుల్ డే. ఏడాదికి ఒక్కసారి, టైమ్‌టేబుల్‌లో ఉన్న నలభై రెండు బండ్లూ ఒకే రోజు నడుపుతాం. ఒక్కటీ లేటవకూడదు. పోయినేడు ఏడు లేటయ్యాయి. ఏడూ నా వల్లేనని డాక్టర్ రిజిస్టర్‌లో రాశాడు. ఈసారైనా పూర్తిగా చూస్తానో లేదో అని పెద్దాయన ఫోన్‌లో నవ్వాడు.

జూన్ 11, ఆదివారం

వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుంది.

రెండు గంటలు బండ్లు ఉన్నచోటే ఉన్నాయి. నాబ్ తిప్పితే నడుస్తాయి. మా ముగ్గురిలో ఎవడికీ ఆ ఆలోచన రాలేదు. దర్జీ మాత్రం జేబులోంచి పెద్ద కోటు గుండీ తీసి, దానికి తాడు కడితే సరిపోదా అని అడిగాడు. పెద్దాయన వాడి వైపు చూశాడు. గుండీ మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

డాక్టర్ టార్చ్ పట్టుకుని బల్ల కింద పాకాడు. అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగిపోయినవి. బూజు నెత్తిన వేసుకుని లేచాడు. లేవడానికి పట్టుకోమని నాకే చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డానని ఇక్కడ రాసుకోవడానికి సిగ్గు లేదు. అయినా సంతోషంగానే ఉంది. పాకనీ.

అప్పుడు పెద్దాయన రూల్ 14 చదివాడు. టోకెన్ పోతే రెండు స్టేషన్ల మాస్టర్లూ రిజిస్టర్‌లో సంతకం చెయ్యాలి. టోకెన్ నా దగ్గర లేదు, నా స్టేషనంతా వెతికాను, అని. రెండు సంతకాలూ పడ్డాకే కొత్త టోకెన్. ఒక వారం వెతుకుదాం, దొరక్కపోతే పద్దెనిమిదిన సంతకాలు, అన్నాడు.

ఆ రూల్ రాసింది నేనే. పదకొండేళ్ళ కిందట, చాలా గర్వంగా.

జూన్ 12

సర్వీసులో ఒక్క తప్పుడు ఎంట్రీ రాయలేదు. ఒక్కటీ.

జూన్ 14

కొంప మునిగింది.

ఉదయం పదకొండింటికి డాక్టర్ వచ్చాడు. మా ఆవిడ బీపీ మాత్రలు అయిపోతే వాడే తెచ్చిస్తాడు, అదొక అలవాటు. హాల్లో కూర్చోబెట్టి ఆవిడ కాఫీ ఇచ్చింది. వాడి ఎదురుగా గోడ మీద క్యాలెండర్. క్యాలెండర్ మేకుకి, తోలు రింగుతో సహా, టోకెన్ వేలాడుతోంది.

బీరువాలో నేను దాచిందే. వాడు దాని వైపు చూశాడు. చూసి ఊరుకోలేదు, కప్పు ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. ఆవిడ ఈలోగా నేను టీవీ ఎంత సౌండ్‌తో పెడతానో, పక్కింటివాళ్ళు వార్తలు మా గోడలోంచే ఎలా వింటున్నారో వర్ణించింది. వాడు నవ్వలేదు. వర్షం వచ్చేలా ఉందన్నాడు. భోజనం అయ్యాకే మాత్ర వేసుకోమన్నాడు. వెళ్ళాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

నువ్వెందుకు అక్కడ పెట్టావని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఉతకడానికి ప్యాంట్లు తీస్తే దొరికిందట. పదిమంది వెతుకుతున్న వస్తువు పదిమందికీ కనబడేచోట ఉండాలట. ముప్ఫై నాలుగేళ్ళు ఊరివాళ్ళ బండ్లు కాపలా కాసి, ముసలితనంలో ఇత్తడి బిళ్ళ దొంగనయ్యానట. అది పాలు పొంగిపోయాయని అన్నట్టు చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 15

వాడు ఎవరికీ చెప్పలేదు. ఇంకా.

జూన్ 16, మధ్యాహ్నం 3

దర్జీకి ఏదో వంక పెట్టుకుని ఫోన్ చేశాను. మామూలుగానే వాగాడు. అంటే డాక్టర్ దాచి ఉంచుతున్నాడు. ఆదివారం నేను సంతకం పెట్టేదాకా ఆగి, సిరా ఆరకముందే బయటపెడతాడు. వాడి స్థానంలో నేనుంటే అదే చేస్తాను.

జూన్ 16, సాయంత్రం 5

ఒక పరీక్ష పెట్టుకున్నాను. నేను వెనకగదిలో తలుపు దగ్గరేసుకుని కూర్చుని, ఆవిణ్ణి అరగంటసేపు తనకి తోచినప్పుడల్లా వీధి తలుపు కాలింగ్ బెల్ కొట్టమన్నాను. కొట్టిన టైమ్ తను రాసుకోవాలి, విన్న టైమ్ నేను రాసుకోవాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాం.

ఆవిడ పదకొండుసార్లు కొట్టింది. నా కాగితం మీద ఆరున్నాయి. ఆ ఆరులో రెండు ఆవిడ కొట్టనేలేదు.

ఏదో ఒక మాట అంటుందని ఎదురుచూశాను. ఇంత నోరున్న మనిషి కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, కాసేపు పక్కన కూర్చుంది. నాకు భయమేసింది.

ఏడో నంబర్ బండికి వాడు నిజంగానే నాలుగుసార్లు కొట్టి ఉంటాడు. పోయినేడు ఏడు బండ్లూ నావే. ఇది తెలిస్తే తూర్పు స్టేషన్ నాది కాదు. ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకా ఆ కుర్చీలో కూర్చుంటే నేనింకా స్టేషన్ మాస్టర్నే. కుర్చీ పోతే పెన్షన్ తీసుకునే ముసలాణ్ణి. అంతకుమించి ఏం లేదు.

జూన్ 18, ఆదివారం

కోపం ఇంకా దిగలేదు. వరసగా రాస్తాను.

టోకెన్ జేబులో పెట్టుకునే వెళ్ళాను. సంతకం పెట్టాలో, బిళ్ళ బయటపెట్టాలో గేటు దాకా తేల్చుకోలేదు. నేను వెళ్ళేసరికి రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది. డాక్టర్ సంతకం అప్పటికే పడింది. పైన రెండు లైన్లు రాశాడు. టోకెన్ పడమర స్టేషన్‌లో ఉండగా నా అజాగ్రత్త వల్ల పోయింది. బాధ్యత నాది.

పెద్దాయన నాకు పెన్ను అందించి, నా వైపు ఉత్త సంతకం చాలన్నాడు. డాక్టర్ సొరంగంలోకి తొంగిచూస్తున్నాడు. అక్కడ చూడటానికేం లేదు.

వాణ్ణి ఎవడు అడిగాడు? మాత్రల స్ట్రిప్ ఊరికే ఇచ్చినట్టు నాకు పరువు ఊరికే ఇస్తాడా? పదకొండేళ్ళు కొట్లాడిన మనిషి దయ తలిస్తే దానికంటే చెంపదెబ్బ నయం. ఎర్ర సిరా అడిగాను. రిజిస్టర్‌లో తప్పు దిద్దే పద్ధతి ఒకటుంది. చింపకూడదు, చెరపకూడదు, కింద ఏముందో చదవడానికి వీలుగా ఒక్క గీత గియ్యాలి. వాడి రెండు లైన్ల మీదా గీత గీశాను. కింద రాశాను. టోకెన్ 4వ తేదీ నుంచి 18 వరకు నా దగ్గర ఉంది. తెలిసే ఉంచుకున్నాను. ఇంకో లైను. గంట నాకు వినబడటం లేదు. సుమారు ఏడాదిగా. సంతకం, టైమ్, 10.17. బిళ్ళ తీసి రిజిస్టర్ మీద పెట్టాను.

దర్జీ బిళ్ళ తీసుకుని చొక్కాకి తుడిచాడు.

డాక్టర్‌కి మాత్రం ఎక్కడలేని కోపం వచ్చింది. తన సంతకం మీద గీత గియ్యడానికి నేనెవరన్నాడు. తప్పుడు ఎంట్రీ రాయడానికి మీరెవరన్నాను. నా కోసం అబద్ధం రాస్తే నలుగురిలో తననే అబద్ధాలకోరుని చేశానన్నాడు. దొంగని నేనుండగా మధ్యలో మీ దొంగతనం ఏమిటన్నాను. క్యాలెండర్ దగ్గర అంతసేపు కూర్చుంటే ఒక్క ముక్క చెబుతానేమోనని చూశాడట. చల్లారిపోయిన కాఫీ తాగాడట అందుకోసం. అరగంట అరుచుకున్నాం. నాకు ప్రతి మాటా వినబడింది. వాడు నా కుడివైపు నిలబడి అరిచాడని ఇంటికొచ్చాక తట్టింది.

తూర్పు స్టేషన్ ఇంకెవరికైనా ఇవ్వమని పెద్దాయనకి చెప్పి వచ్చేశాను. ఆలోచిస్తానన్నాడు. వద్దని అనలేదు.

జూన్ 19

ఏం లేదు. ఆవిడ క్యాలెండర్ తీసి మేకు సరిచేసింది.

జూన్ 20

ఆదివారం ఏం చెయ్యాలి? పేపర్ చదవడానికి ఎంతసేపు పడుతుంది?

జూన్ 22

పెద్దాయన నడుచుకుంటూ ఇంటికే వచ్చాడు, గొడుగు కర్ర చేసుకుని. తీర్పు చెప్పాడు. టోకెన్ ఇంటికి తీసుకెళ్ళినందుకు నా శిక్ష, రూల్‌బుక్‌లో నా చేత్తోనే కొత్త రూల్ రాయాలి. రూల్ 31, టోకెన్ ఇంటికి తీసుకెళ్ళరాదు. పుస్తకం వెంట తెచ్చాడు. రాశాను.

తప్పుడు ఎంట్రీ రాసినందుకు డాక్టర్‌కీ శిక్ష ఉందట. అదేమిటని అడిగితే గ్యారేజీలో వైర్లతో కుస్తీ పడుతున్నాడని, రెండుసార్లు వేలు కాల్చుకున్నాడని మాత్రం చెప్పాడు. మరి తూర్పు స్టేషన్ ఎవరికని అడిగాను. నిజం రాసినవాణ్ణి డ్యూటీలోంచి తీసేసే రైల్వే తను కట్టలేదన్నాడు. కాఫీలో పంచదార ఎక్కువైందని ఆవిడకి చెప్పి వెళ్ళాడు.

జూన్ 25, ఉదయం 9.30

వెళ్ళి చూసొచ్చాను. నా గంట ఉన్నచోట ఎర్ర లైటు. వాడు నొక్కితే వెలుగుతుంది. వైరింగ్ చూస్తే కుట్లు వేసినట్టుంది. అదే మాట అన్నాను. రెండో సంగతి దర్జీ చెప్పాడు. డాక్టర్ తన గంట కూడా పీకేసి, అటు చివరా లైటే పెట్టుకున్నాడట. ఎందుకంటే రూల్ 3 ప్రకారం రెండు స్టేషన్ల సామాను ఒకేలా ఉండాలట. పదకొండేళ్ళలో వాడు ఒక రూల్ చదవడం ఇదే మొదలు.

మాట్లాడను అని నాలుగో తేదీన రాశాను. ఇవాళ తెర ఉంటుంది కాబట్టి ఆ అవసరం రాదు.

జూన్ 25, ఫుల్ డే

10.00 డ్యూటీ తీసుకున్నాను.

10.02 మూడు వెలిగింది. మూడు నొక్కాను.

10.07 ఒకటో నంబర్ బండి వచ్చింది. టోకెన్ అందింది. రెండు నొక్కాను.

4.48 నలభై రెండో బండి పడమర చేరింది. రెండు వెలిగింది. రైట్ టైమ్.

4.50 నాలుగు వెలిగింది.

4.51 నాలుగు నొక్కాను.